నాలుగు

‘తాగుబోతోళ్లు’ అనేది మా మాదిగ గేరికి వూరు పెట్టిన ఇంటిపేరు. ఆ పేరును అబద్ధం చేయాలనే పట్టుదలతో చదువుకున్నా. మా ఇంట్లో మొదటి డిగ్రీ నాది. సర్కారు బడిలో అయ్యవారినయినా. ముప్పయ్యేండ్లు దాటేసరికి ఆ పేరును నేనే నిజం చేసి కూర్చున్నా. ఈ సంగతి దాచినన్నాళ్లూ తాగినా. అందుకే ఇప్పుడు రాస్తాండా.

మాది ఆళ్లగడ్డ దగ్గర పల్లె. మా నాయన కూలికి పోయేటోడు. కోతల కాలంలో కూలిలో కొంత సారా పాకెట్ల రూపంలోనే చేతికొచ్చేదంట. ఎలక్షన్లప్పుడైతే వూరికే. తాపినోళ్లు పెద్దమనుషులు, తాగినోళ్లు తాగుబోతులు.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాలు నేర్చుకున్న ఆడోళ్లు సారా అంగడి మీదికి పోయినారు. ఆ నిప్పు రాష్ట్రమంతా అంటుకుంది. 1993 అక్టోబరు 1న సారా, 1995 జనవరి 16న మొత్తం మద్యం నిషేధమయినాయి. ఆ పోరాటంలో ముందు నిలబడింది మా అమ్మలాంటి కూలి ఆడోళ్లే. అది మన గెలుపే. కానీ మా ఇంట్లో జరిగింది కూడా చెప్పాల. అప్పుడు నాకు ఐదేండ్లు. అమ్మ ఎన్నోసార్లు చెప్పింది. నిషేధమొచ్చినాక మందు దొరక్క మా నాయన చేతులు వొణికినాయి. మూడో రాత్రి గోడ మీద పాములు పాకుతాండాయని అరిచినాడు. గాలి సోకిందని వేపమండలతో కొట్టించినారు. అది గాలి కాదు. ఏండ్ల తరబడి తాగిన వొంటికి మందు ఒక్కసారిగా ఆగిపోతే అట్లనే అవుతుంది. ఫిట్స్ రావొచ్చు, ప్రాణమే పోవొచ్చు. సర్కారు అంగడి మూసింది గానీ మా గేరికి డాక్టరును పంపలేదు. 1997లో నిషేధం సడలించినారు. నాయన మళ్లా మొదలుపెట్టినాడు. నేను డిగ్రీలో ఉండగా కండ్లు పచ్చబడి, కడుపు ఉబ్బి చచ్చిపోయినాడు.

ఇంత చూసినోన్ని ఎట్ల తాగినా? నేను కాపురముండేది నంద్యాలలో, బడి ఆళ్లగడ్డ దిక్కు. ఉద్యోగంలో చేరిన కొత్తలో నా వెనక ‘కోటా అయ్యవారు’ అనే మాట వినపడేది. సాయంత్రం అదే నోళ్లు మందుకు పిలిచినాయి. పోయినా. మా గేరోళ్లకు టీ గ్లాసు వేరే పెట్టిన వూర్లో పుట్టినోన్ని. వాళ్ల బల్ల దగ్గర, వాళ్ల సీసాలోంచే పోసుకుంటాంటే అదే సమానత్వం అనిపించింది. వాళ్లు ఆదివారాలతో ఆగినారు. నేను ఆగలేదు. రెండేండ్లకు పొద్దన్నే బస్సెక్కే ముందు, చేతుల వొణుకు ఆగాలని, కొంచెమైనా వేసుకోవాల్సి వచ్చింది.

ఒకరోజు రెండో తరగతి పాప నోటుబుక్కు దిద్దుతాండా. అదీ మా గేరి లాంటి గేరి పాపే. కొంచెం పక్కకు జరిగి, ‘‘సార్, మీ దగ్గర మా నాయన వాసనొస్తాంది’’ అనింది.

ఆ రాత్రే మానేసినానని రాస్తే బాగుంటుంది. మానలేదు. ఆ సిగ్గుకు ఇంకా ఎక్కువ తాగినా. నా భార్య ఏడ్చింది. మా బావ అహోబిలం నరసింహస్వామి మీద ఒట్టు పెట్టించినాడు. చర్చిలో ప్రార్థన చేయించినారు. డబ్బు కట్టి ఒకచోట చేర్పిస్తే, అక్కడ ఒకాయన నా కాగితం చూసి, ‘‘మీవాళ్లకిది మామూలే గదా’’ అన్నాడు. బయటికొచ్చిన సాయంత్రమే తాగినా.

చివరికి కర్నూలు పెద్దాసుపత్రిలో మానసిక వైద్య విభాగానికి పోయినా. డాక్టరమ్మ తిట్టలేదు. ‘‘మానాలని మీకు ఎంత ఉంది సార్? సున్నా నుంచి పదిలోపు ఒక అంకె చెప్పండి’’ అనింది. నాలుగన్నా. ‘ఇంతేనా’ అంటుందనుకున్నా. ‘‘నాలుగన్నారు. రెండని ఎందుకు చెప్పలేదు?’’ అని అడిగింది. ఆ ప్రశ్నకు నా నోరు తెరుచుకుంది. నాయన కడుపు, నా బిడ్డ, ఆ పాప నోటుబుక్కు, అన్నీ చెప్పినా. మానడానికి నాకున్న కారణాలు ఎదుటోళ్ల నోట కాకుండా నా నోట నేను వినడం అదే మొదలు.

అమెరికాలో విలియం మిల్లర్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త 1983లో ఈ పద్ధతి గురించి రాసినాడని తర్వాత చదివినా. నువ్వు మానాల్సిందేనని వాదిస్తే తాగేటోడు తాగుడు తరఫున వాదిస్తాడు. గౌరవంగా అడిగితే మానడం తరఫున తనే మాట్లాడతాడు. తిట్లతో బాగుపడేదుంటే మా గేరి ఎప్పుడో బాగుపడేది. తిట్లకు మాకెప్పుడు కరువు?

వార్డులో పెట్టుకుని వొణుకుకు మాత్రలిచ్చి, రోజురోజుకూ తగ్గించినారు. బి1 విటమిను సూదులు వేసినారు. ఐదు నెలలున్నా. ఒక పెండ్లిలో మళ్లా తాగినా. తల దించుకుని పోతే డాక్టరమ్మ, ‘‘ఐదు నెలలు ఎట్ల ఉండగలిగినారు?’’ అనింది. ఆ లెక్క నాకు తోచనే లేదు. అప్పట్నుంచి ఏడాదిన్నరయింది. సాయంత్రం ఆరు గంటలప్పుడు నంద్యాల బస్టాండులో దిగడం ఇప్పటికీ కష్టమే.

2019లో మందు అంగళ్లు సర్కారు చేతికి పోయినాయి, 2024లో మళ్లా ప్రైవేటోళ్ల చేతికొచ్చినాయి. అంగడి ఎవరిదైనా మా గేరికి దారి దానికి తెలుసు. మిత్రులారా, తాగుడు మనల్ని అణచడానికి పనికొచ్చే ఆయుధమని మన మీటింగుల్లో అంటాం. నిజమే. కానీ ఆ మీటింగు అయినాక లాడ్జి గదిలో సీసా తీస్తాం. రానోన్ని ఎగతాళి చేస్తాం. తాగి పడిపోయిన మన మనిషిని మనమే వూరోళ్ల మాటతో తిడతాం. ఆ మాట మానండి. చేతులు వొణికేటోన్ని గదిలో పెట్టి తాళం వేయొద్దు, ఆసుపత్రికి తీసుకపోండి.

ఆ పాప ఇప్పుడు ఐదో తరగతి. మొన్న నోటుబుక్కు తెచ్చి, నా కుర్చీకి ఆనుకుని నిలబడింది. వాళ్ల నాయన ఇంకా తాగుతానే ఉండాడు. వచ్చే ఆదివారం వాళ్లింటికి పోతాండా. చెప్పేదేం లేదు. ఒక అంకె అడగాల.