పాలసీసా అనే ఒక టెంపరరీ ఫిక్సు

పెళ్ళికాని కుర్రాళ్ళు ఇక్కడే ఆగిపోవచ్చు. లేదా ఎలాగూ ఏదో ఒకరోజు పనికొస్తుంది కాబట్టి చదివి దాచుకోవచ్చు :)

మా పాపకి ఇప్పుడు ఇరవై మూడు నెలలు. రెండు నెలల క్రితం ఒక ఆదివారం పొద్దున్న దానికి పళ్ళు తోముతున్నాను. తోమడం అంటే పెద్దగా ఏమీ లేదు, అది బ్రష్షు కొరుకుతూ ఉంటుంది, ఆ సందులోనే నేను అటూ ఇటూ తిప్పుతాను. ఆ రోజు ఎందుకో పై పెదవి ఎత్తి చూశాను. పైన ముందు పళ్ళు రెండింటి మీద, చిగుళ్ళ పక్కనే, సుద్దముక్కతో గీసినట్టు తెల్లటి గీతలు. ఒకదాని మీద చిన్న గోధుమరంగు మచ్చ. చాక్లెట్ అంటుకుందేమో అని గోటితో గీకాను. పోలేదు. దీనికి చాక్లెట్ ఎవరు పెట్టారని ఇంట్లో ఓ పావుగంట విచారణ కూడా జరిగింది. ఎవరూ పెట్టలేదు.

పిల్లల పళ్ళ డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్తే ఆవిడ రెండు నిమిషాలు చూసి అడిగిన మొదటి ప్రశ్న: "రాత్రిళ్ళు పాలసీసా ఇస్తున్నారా?"

మా ఆవిడ నా వంక చూసింది. నేను సీలింగ్ ఫ్యాను వంక చూశాను.

ఇక్కడ కొంచెం వెనక్కి వెళ్ళాలి. 2017లో చట్టం మార్చి ప్రసూతి సెలవుని 12 వారాల నుంచి 26 వారాలు చేశారు కదా, ఆ పుణ్యాన మా ఆవిడ ఆర్నెల్లు పాపతో ఉంది. నాకు వచ్చింది ఐదు రోజులు. కేంద్ర ప్రభుత్వ ఉద్యోగులైన తండ్రులకి 15 రోజులు ఉంది గానీ, మన ప్రైవేటు వాళ్ళకి కంపెనీ ఎంత దయతలిస్తే అంత. ఆర్నెల్లయ్యాక తను మళ్ళీ ఆఫీసుకి వెళ్ళడం మొదలుపెట్టింది. తనది పొద్దున్న షిఫ్టు, ఆరున్నరకే క్యాబ్ వస్తుంది. నాదేమో మధ్యాహ్నం మొదలై రాత్రి పదిన్నరకి క్లయింట్ కాల్‌తో ముగిసే ఉద్యోగం (నవంబరులో వాళ్ళ గడియారాలు వెనక్కి తిప్పుకుంటే అది పదకొండున్నర అవుతుంది, అది మీకు చెప్పక్కర్లేదు). కాబట్టి రాత్రి డ్యూటీ నాది అని ఒప్పందం. ఆఫీసు క్యాంటీన్లో ఈ మాట నేను చాలా గర్వంగా చెప్పుకునేవాణ్ణి కూడా. "మా ఇంట్లో రాత్రిళ్ళు లేచేది నేనేనండీ" అని.

లేచేమాట నిజమే. లేచి ఏం చేసేవాణ్ణి అన్నదే అసలు సంగతి. కాల్ మధ్యలో పాప కదిలితే మ్యూట్ నొక్కి, సిద్ధంగా పెట్టుకున్న సీసా నోట్లో పెట్టేసేవాణ్ణి. నలభై సెకన్లలో నిశ్శబ్దం. రెండింటికి మళ్ళీ, ఐదింటికి మళ్ళీ. ఒక్కోసారి సగం నిద్రలో పెట్టి నేను పడుకునేవాణ్ణి, సీసా దాని నోట్లోనే ఉండేది. ఓ రోజు తాగనని మొహం తిప్పుకుంటే అర చెంచా పంచదార వేశాను. తాగేసింది. ఇక ఆ అర చెంచా కూడా రోజువారీ అయిపోయింది.

మనకి తెలిసిన భాషలో చెప్పాలంటే, అర్ధరాత్రి ప్రొడక్షన్లో ఏదో పడిపోతుంది. కారణం వెతికే ఓపిక ఉండదు. ఒక ప్యాచ్ వేసి, "తర్వాత చూద్దాం" అని టికెట్ రాసి పడుకుంటాం. ఆ 'తర్వాత' ఎప్పుడూ రాదు. పాలసీసా నేను వేసిన అలాంటి ప్యాచ్. ఏడాదిపైగా అలాగే నడిచింది.

డాక్టరమ్మ బొమ్మ గీసి మరీ చెప్పింది. పంచదార లేకపోయినా పాలలో లాక్టోజ్ అనే చక్కెర ఉంటుంది. నోట్లో ఉండే స్ట్రెప్టోకోకస్ మ్యూటన్స్ లాంటి బ్యాక్టీరియా చక్కెరల్ని తిని ఆమ్లం తయారు చేస్తాయి, అది పంటి పైపొరలో ఖనిజాల్ని కరిగిస్తుంది. పగలైతే లాలాజలం ఆ ఆమ్లాన్ని కడిగేస్తూ ఉంటుంది. నిద్రలో లాలాజలం బాగా తగ్గిపోతుంది కాబట్టి పాలు పళ్ళ చుట్టూ నిలవ ఉండిపోతాయి. కింది ముందు పళ్ళకి నాలుక అడ్డం ఉంటుంది, అందుకే దెబ్బ ముందు పై పళ్ళకి. తెల్లగీత దశలో పట్టుకుంటే అక్కడితో ఆపొచ్చు. గోధుమరంగు వచ్చిందంటే ఒక మెట్టు దాటినట్టు.

ఇంకో లెక్క కూడా ఆవిడే వేసింది. మూడు సీసాలు, ఒక్కోటి 180 మిల్లీలీటర్లు, అంటే రాత్రిపూటే 540. ఈ వయసు పిల్లలకి రోజు మొత్తానికే సుమారు అర లీటరు చాలట. "పగలు అన్నం తినదు అంటున్నారు కదా, ఎక్కడ తింటుంది? దాని భోజనం మీరు నిద్రలోనే పెట్టేస్తున్నారు" అంది. పాలలో ఇనుము చాలా తక్కువ కాబట్టి పాలతోనే కడుపు నింపుకునే పిల్లలకి రక్తం తగ్గే ప్రమాదం కూడా ఉందని పరీక్ష రాసింది. అదృష్టం బాగుండి అది మామూలుగానే వచ్చింది.

ఆ సాయంత్రం తెనాలి నుంచి అమ్మ ఫోను. స్పీకర్లో ఉంది. విషయం చెప్పాను.

"పాలపళ్ళే కదరా, ఎలాగూ ఊడిపోయేవే."

ఊడిపోతాయి గానీ ముందు పళ్ళు ఊడటానికి ఆరేడేళ్ళు వస్తాయి, దవడ పళ్ళు పదేళ్ళు దాటేదాకా ఉంటాయి, అప్పటిదాకా నమలాలి కదా అని డాక్టరమ్మ చెప్పిందే అప్పజెప్పాను. అమ్మ ఒక నిమిషం ఆగి అంది: "అమ్మాయి ఇంకో ఏడాది ఉద్యోగం మానుకుని ఉంటే ఈ సీసాల గోల ఉండేది కాదు."

నేను ఏమీ అనలేదు. 'సరేలే అమ్మా, సిగ్నల్ సరిగ్గా లేదు' అని పెట్టేశాను.

మా ఆవిడ వంటింట్లోనే ఉంది. విన్నది. పోట్లాడలేదు. ఆ రాత్రి భోజనాలయ్యాక సీసాలు మూడూ కడిగి, తుడిచి, నా ల్యాప్‌టాప్ మీద వరసగా పెట్టి వెళ్ళి పడుకుంది. పెళ్ళయిన వాళ్ళకి అర్థమవుతుంది, పోట్లాడితే బాగుండేది.

రెండు రోజులు పట్టింది నాకు. మూడో రోజు అమ్మకి నేనే ఫోన్ చేసి, "సీసా పెట్టేది నేనమ్మా. పంచదార వేసింది కూడా నేనే. తనకి ఆ పంచదార సంగతి డాక్టరు దగ్గరే తెలిసింది" అన్నాను. అమ్మ కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "నీకు రెండేళ్ళు దాటినా పాలు మానలేదురా, వేపాకు నూరి రాసుకుని మాన్పించాను. సీసా లేదు, ఏమీ లేదు, ఉగ్గుగిన్నెతో పోసేదాన్ని. పీకకి కాస్త వేపాకు రాసి చూడు" అంది. వేపాకు రాయలేదు గానీ, ఆ మాట చెప్పాక నాకు తేలికపడింది.

ఇక పని మొదలైంది. డాక్టరమ్మ చెప్పిన దారి సులువే: పంచదార ఆ రోజే బంద్, రెండు రాత్రులకోసారి 30 మిల్లీలీటర్లు తగ్గించుకుంటూ రావడం, చివరికి సీసా బదులు గ్లాసుతో మంచినీళ్ళు. పడుకునే ముందు గ్లాసుతోనే పాలు, తర్వాత పళ్ళు తోమడం, ఆ పైన నీళ్ళు తప్ప ఏమీ లేదు. (ఒక హెచ్చరిక: పాలలో నీళ్ళు కలిపి పల్చన చేసే చిట్కా కొంతమంది చెప్తారు. డబ్బాపాలు తాగే ఏడాదిలోపు పిల్లలకి అది అస్సలు చెయ్యకూడదు. ఆ వయసులో రాత్రి పాలు మాన్పించాలన్నా పిల్లల డాక్టర్ని అడిగాకే.) నేను వెంటనే ఎక్సెల్ షీటు తయారుచేశాను. తేదీ, సీసా, పరిమాణం, రంగులు కూడా. మా పాప ఆ షీటు చదవలేదు.

90కి వచ్చేదాకా బానే ఉంది. ఆ రాత్రి ఖాళీ సీసా తీసి నా మొహాన కొట్టింది. రెండింటి సీసా, ఐదింటి సీసా ఇలాగే ఏడుస్తూ తగ్గాయి. పదిన్నర సీసా మాత్రం తగ్గలేదు. ఎందుకంటే అక్కడ నేను తగ్గడం లేదు. కాల్ మొదలవుతుంది, పాప లేస్తుంది, నా చెయ్యి దానంతట అదే సీసా మీదకి వెళ్తుంది.

బోస్టన్‌కి చెందిన రిచర్డ్ ఫెర్బర్ అనే డాక్టరు 1985లో పిల్లల నిద్ర గురించి ఒక పుస్తకం రాశాడు. అందులో నాకు తగిలిన ముక్క ఇదీ: రాత్రి మధ్యలో మెలకువ అందరికీ వస్తుంది, మనం దిండు సర్దుకుని పడుకుంటాం. పిల్లలు నిద్రలోకి జారేటప్పుడు ఏది పక్కన ఉందో, మెలకువ వచ్చినప్పుడూ అదే అడుగుతారు. పాపకి పదిన్నరకి ఆకలి కాదు. పక్కన మనిషి లేడు, అంతే. మనిషి బదులు నేను సీసా అలవాటు చేశాను.

కాల్ మార్చమని అడగాలి. జ్వరమని సెలవు అడగడానికి రెండు నిమిషాలు పట్టదు నాకు, ఈ మెయిల్ రాయడానికి నాలుగు రోజులు పట్టింది. మా లీడ్ చదివి, "మీ మిసెస్ చూసుకోరా?" అన్నాడు. చెడ్డవాడేం కాదు, మామూలుగానే అడిగాడు. తెనాలిలో మా అమ్మ అడిగిందీ, ఇక్కడ ఈయన అడిగిందీ ఒకటే ప్రశ్న. ఈసారి సిగ్నల్ లేదని తప్పించుకోలేదు. "రాత్రి డ్యూటీ నాదే" అన్నాను, క్యాంటీన్లో చెప్పిన మాటే. అవతల క్లయింట్ మేనేజరు కూడా పిల్లల తల్లేనట, పొద్దున్న ఏడున్నరకి పెట్టుకుందాం అని ఒక్క వాక్యంలో ఒప్పేసుకుంది. అంటే మనకి రాత్రి ఎనిమిది. ఏడాదిగా నేను అడగలేదు, అంతే.

మొదటి రాత్రి యాభై నిమిషాలు ఏడ్చింది. ఏడవనిచ్చి వదిలెయ్యలేదు, మా అపార్టుమెంటు గోడలు అంత మందం కావు. భుజాన వేసుకుని బాల్కనీలో తిరిగాను, స్టీలు గ్లాసుతో నీళ్ళు ఇచ్చాను, నా గొంతుతో జోల కూడా పాడాను, దాని ఏడుపులో సగం దానికేనేమో. రెండో రాత్రి అరగంట. నాలుగో రాత్రి జలుబు చేసి మళ్ళీ మొదటికొచ్చింది, అయినా సీసా ఇవ్వలేదు. తొమ్మిదో రాత్రి లేచి, నా చొక్కా పట్టుకుని, చెయ్యి తడిమి చూసి పడుకుంది. ఆ వారంలోనే పొద్దున్న ఒకటిన్నర ఇడ్లీ తింది. మా ఇంట్లో అది వార్త.

1992లో మన దేశంలో పాలసీసాలకి, డబ్బాపాలకి ప్రకటనలు ఇవ్వకూడదని చట్టం చేశారు, 2003లో దాన్ని ఇంకా బిగించారు. పత్రికలో, టీవీలో ప్రకటన లేకపోయినా సీసా మా ఇంటికి వచ్చింది. దానికి ప్రకటన అక్కర్లేదండీ, పదిన్నర కాల్ చాలు.

పంటి సంగతి: ఫ్లోరైడ్ పూత వేశారు, తెల్లగీతలు పెరగడం లేదు. గోధుమరంగు మచ్చకి ఫిల్లింగ్ చేశారు, పాప ఆ కుర్చీలో ఏడ్చిన ఏడుపు ముందు రాత్రి ఏడుపులు ఏపాటివి. మూడు నెలలకోసారి చూపించాలి. పై పెదవి ఎత్తి చూడటం ఇప్పుడు నా ఆదివారం డ్యూటీ. మీ ఇంట్లో చంటిపిల్లలుంటే ఈ ఆదివారం మీరూ ఒకసారి చూడండి, అర నిమిషం పని.

సీసాలు మూడూ ఇంకా అటక మీదే ఉన్నాయి. పారేద్దామంటే మా ఆవిడ వద్దంది. "ఉండనీ, మీ ల్యాప్‌టాప్ మీద పెట్టడానికి పనికొస్తాయి" అంది.