హాజరుపట్టీ అడగని ప్రశ్న

పుదుచ్చేరి పట్టణంలోని మేట్టుపాళయం పారిశ్రామికవాడలో పనిచేసే యానాం వాసి ఒకరు ఇరవై ఏళ్లలో ఒక్క షిఫ్టు తప్పి ఎరుగరు. అమెరికాలో చదివే కుమారుడు తరగతులకు ఎగనామం పెడుతున్నాడని తెలియగానే, అప్పుచేసి కట్టిన ఫీజును రోజులతో భాగించి, పోయిన ప్రతి తరగతికీ వెల కట్టారు. ఆపై భయం పట్టుకుంది. చెప్పకుండా తరగతులు మానితే వీసా రద్దు కావచ్చునని అమెరికా రాయబార కార్యాలయం 2025 మే నెలలో భారతీయ విద్యార్థులను హెచ్చరించింది.

ఫోనులో గద్దించబోయి, ఆయన ఆగారు.

"ఎందుకు వెళ్లలేకపోతున్నావు, నాయనా?"

చాలాసేపు మౌనం.

"ప్రొఫెసరుగారి ఇంగ్లీషు అర్థం కావడంలేదు, నాన్నా. అడగాలంటే సిగ్గు."

మరునాడే కుమారుడు విశ్వవిద్యాలయంలో విదేశీ విద్యార్థుల సలహాదారును కలిశాడు. గైర్హాజరు తప్పే. కాని దండించే ముందు, దాని వెనుకనున్న గోడు వినాలి.