మృగశిర ఎక్కడుంది సార్?

మాది అనంతపురం మెట్ట. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూ వాన కురిసే నేల. పడమటి కనుమలు దాటేసరికి నైరుతి మబ్బు సగం ఖాళీ అవుతుంది. ఈశాన్య వానలకేమో మేము సముద్రానికి దూరం. అందుకే మా సుగాలీ తాండాల్లో ఆకాశం వైపు చూడకుండా పొద్దు గడవదు. మృగశిర కార్తె వచ్చిందా, ఆరుద్ర దాటిపోయిందా అని లెక్కపెట్టుకుంటూ శెనక్కాయ విత్తే జనం మేము.

అయినా బడిలో ఆ ఆకాశాన్ని దూరం పెట్టింది మేమే. తాండాలో పుట్టి, టి.టి.సి. చదివి, అయ్యవార్లమైన మేమే. ఒకరోజు నక్షత్రాల పాఠం చెబుతుంటే ఐదో తరగతి పాప లేచి, "మూడు చుక్కలు వరసగా ఉంటాయే, వాటిని మా దాది గొర్రు కొయ్యలు అంటుంది సార్" అంది. "అవి ముసలోళ్ల మాటలు. పుస్తకంలో ఉన్న పేరు నేర్చుకో, కూర్చో" అన్నాం. పాప కూర్చుంది. తర్వాత చాలా రోజులు ఏమీ అడగలేదు.

ఆ చలికాలంలో పిల్లల్ని బెంగళూరులోని జవహర్‌లాల్ నెహ్రూ ప్లానెటోరియంకు తీసుకుపోయాం. 1989లో మొదలైన నక్షత్రశాల అది. బెంగళూరంటే మా పిల్లలకు అమ్మానాన్నలు కూలికి పోయిన ఊరు. ఆ పాప యాడి కూడా అక్కడే ఎక్కడో మేడ కట్టే చోట ఇటుకలు మోస్తోంది. ఒక రోజు కూలి పోతుందని బిడ్డను చూడ్డానికి రాలేకపోయింది.

లోపల దీపాలు ఆరిపోగానే గుండ్రటి కప్పు నిండా చుక్కలు లేచాయి. కప్పు ఎగిరిపోయిందేమోనని ఒక పిల్లోడు మా చెయ్యి పట్టుకున్నాడు. మాటలు కన్నడంలో వస్తుంటే మేము లంబాడీలో చెవిలో చెబుతూ పోయాం.

ప్రదర్శన అయ్యాక, తెలుగు వచ్చిన ఒక ఖగోళ శాస్త్రజ్ఞుడు పిల్లలతో మాట్లాడటానికి కూర్చున్నారు. పాప మా వైపు ఒకసారి చూసి అడిగింది: "మృగశిర కార్తెలో మృగశిర ఎక్కడుంది సార్? మా దాది వెతికినా కనపడదంట."

జవాబు మాకూ తెలియదు. ఇన్నేళ్లలో మాకు ఆ అనుమానమే రాలేదు.

ఆయన నవ్వలేదు. "ఆ పక్క చుక్కల్ని మీ ఇంట్లో ఏమంటారు?" అని అడిగారు. "గొర్రు కొయ్యలు" అంది, నేల చూస్తూ. ఆయన కంప్యూటర్‌లో స్టెల్లేరియం అనే ప్రోగ్రాం తెరిచి, తేదీని జూన్ నడిమికి, వేళను మిట్టమధ్యాహ్నానికి మార్చారు. తర్వాత గాలిపొర వెలుగును తీసేశారు. నీలం పోయి నలుపు వచ్చింది. సూర్యుడు అక్కడే ఉన్నాడు. ఆయనకు కొంచెం దక్షిణంగా మృగశిర, దాని కింద మూడు గొర్రు కొయ్యలు!

భూమి తిరుగుతుంటే సూర్యుడు ఏడాది పొడుగునా ఒక్కో నక్షత్రం దగ్గర పదమూడు, పద్నాలుగు రోజులు ఉన్నట్టు కనిపిస్తాడు. అదే కార్తె. మృగశిర కార్తెలో మృగశిర పట్టపగలే నెత్తిమీదికి వస్తుంది, ఎండలో మరుగున పడుతుంది. ఆరు నెలలకు భూమి అవతలి వైపుకు చేరితే రాత్రంతా కనిపిస్తుంది. చుక్క వాన తేదు, కాలం చెబుతుంది. వాన సంగతి సముద్రానిదీ గాలిదీ.

"అయితే మా దాది చెప్పింది తప్పు కాదు కదా సార్?" ఈసారి పాప అడిగింది ఆయన్ని కాదు, మమ్మల్ని.

"కాదమ్మా, తప్పు మాది" అన్నాం. అందరి ముందే అన్నాం. ఆ రోజు కూర్చోమన్నదీ అందరి ముందే కదా.

తిరుగు బస్సులో పాప కిటికీకి ఆనుకుని ఆకాశం చూస్తోంది. ఊరి దీపాల వెలుగులో నాలుగు చుక్కలు కూడా లేవు. "యాడి ఉండే చోట ఇవి కనపడవా?" అంది. అర్ధరాత్రి తాండా దగ్గర దిగేసరికి గొర్రు కొయ్యలు నడినెత్తిన ఉన్నాయి. వాననీళ్లు లేని మా ఊళ్లో చీకటి మాత్రం ఇంకా చెడిపోలేదు.

తర్వాత తెలిసింది, మయాంక్ వాహియా, గణేశ్ హల్కరే అనే పరిశోధకులు గోండుల ఊళ్లు తిరిగి, వాళ్ల నక్షత్ర జ్ఞానం మీద 2013లో వ్యాసం ప్రచురించారని. మా తాండాలకు అలా ఎవరో వచ్చేదాకా ఎందుకు ఆగాలి? పాప దాది దగ్గరికి నోటుపుస్తకంతో పోయి కూర్చున్నాం. "ఇన్నాళ్లూ నన్ను అడిగిందెవరు బేటా?" అంది ఆమె. పిల్లలకోడి నుంచి వేగుచుక్క దాకా ఆ రాత్రి నాలుగు పేజీలు నిండాయి.

తోటి అయ్యవార్లకు, చదువుకునే మా తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక మాట. స్టెల్లేరియం ఉచితంగా దొరుకుతుంది, దించుకోండి. డిసెంబరులో రాత్రి భోజనాలయ్యాక పిల్లల్ని బయట కూర్చోబెట్టి తూర్పు వైపు చూపించండి. పక్కన తాండాలో పెద్ద వయసు అవ్వను కూడా కూర్చోబెట్టుకోండి. ముందు ఆమెను చెప్పనివ్వండి.