వేటకు దిగిన యుద్ధాయుధము

యుద్ధము ముగిసిన పిమ్మట సైనికుఁడు ఇల్లు చేరును. అతని తుపాకి యెక్కడికి చేరును? 1945లో రెండవ ప్రపంచసంగ్రామము ముగిసిన తరువాత అమెరికాదేశమున దీనికొక విచిత్రమైన సమాధానము దొరికినది. సైన్యములకు అక్కఱలేని రైఫిళ్లు లక్షలకొలఁదిగ అంగళ్లకు వచ్చెను. జర్మనీ మౌజరు, ఇంగ్లండు లీ-ఎన్‌ఫీల్డు, అమెరికావారి స్ప్రింగ్‌ఫీల్డు, ఇవన్నియు స్వల్పమైన వెలకు లభించుటచే సామాన్యగృహస్థులు వానిని కొని, ఇంటనే కోసి, చెక్కి, లేళ్లవేటకు అనువుగ మలచుకొనిరి.

మేము వేటగాండ్రము కాము. అయినను విద్యార్థిదశలో ఎన్.సి.సి. కవాతున .303 లీ-ఎన్‌ఫీల్డును మోసిన భుజము మాది. సుమారు 4 కిలోల బరువు. బోల్టును వెనుకకు లాగి ముందుకు త్రోయునపుడు కలిగెడి ఆ నున్నని కదలిక యిప్పటికిని మా చేతికి జ్ఞాపకమున్నది. కావున ఈ మార్పుపనిని గూర్చి చదువునపుడెల్ల మాకు కుతూహలము కలుగుచుండును.

పని యేమనఁగా, గొట్టమును కొనవఱకు కప్పియున్న కొయ్యను కోసివేయుదురు. బాయినెట్టు తగిలించు కొక్కెమును తీసివేయుదురు. గొట్టమును కొంత కుఱుచ చేయుదురు. పైన దూరదర్శిని నమర్చినచో బోల్టుపిడి దానికి తగులకుండ క్రిందికి వంచుదురు. తుదకు అక్రోటుకొయ్యతో క్రొత్త పిడి చేసి నూనెపట్టించి మెఱుఁగుపెట్టుదురు.

ఇందలి ఆకర్షణమునకు చౌక యొక్కటియే కారణము కాదు. బురదలోను, మంచులోను ప్రాణము నిలుపవలసిన యంత్రము గనుక ప్రభుత్వములు వానిని గట్టిగ చేయించినవి. 1898 నాఁటి మౌజరు బోల్టునకు ముందు రెండు పట్టుకొమ్ములును, వెనుక రక్షణార్థము మూఁడవదియు కలవు. స్ప్రింగ్‌ఫీల్డు 1903 దాని పోలికనే చేయఁబడుటచే అమెరికాప్రభుత్వము మౌజరుసంస్థకు 2 లక్షల డాలర్లు చెల్లింపవలసివచ్చెను. ఆ తుపాకినే వేటకు మలపించుకొని థియోడోరు రూజ్వెల్టు 1909లో ఆఫ్రికాకు కొనిపోయెను. పారవేయఁదగినదానిని స్వహస్తములతో పనికివచ్చునట్లు చేసికొనుటలోఁగల తృప్తి వీనికన్నిటికిని మించినది. అంగడిలో కొన్న వస్తువు ధనముచే మనదగును. చెక్కి సవరించినది శ్రమచే మనదగును.

అయితే ఒక నష్టమును గలదు. ఏ కర్మాగారమున ఏ యేఁట పుట్టినదో తెలుపు ముద్రలు ఆ లోహముపై నుండును. మెఱుఁగుపెట్టునపుడు ఆ ముద్రలు కొన్ని చెఱఁగిపోయెను. నేఁడు మార్పెఱుఁగని సైనిక రైఫిలునకే మలచినదానికంటె సాధారణముగ ఎక్కువ వెల పలుకుచున్నది. నాఁడు చౌకయని కోసినదానినే నేఁడు చరిత్రయని వెదకుచున్నారు.

కొయ్య మార్చినంతమాత్రమున ఆయుధము స్వభావము మాఱునా? ఇదియే మాకు ముఖ్యమైన ప్రశ్న. 1963 నవంబరు 22వ తేదీన డల్లాసు నగరమున అధ్యక్షుఁడు కెన్నెడీని హతమార్చినది యుద్ధశేషమైన ఇటలీ కార్కానో రైఫిలే. దానికి దూరదర్శిని తగిలించి, తపాలాద్వారా వేఱొక రాష్ట్రమునుండి స్వల్పమైన వెలకు అమ్మియుండిరి. 1968లో అమెరికాశాసనము అట్టి తపాలావిక్రయమును అరికట్టినది.

మన దేశమున కథ వేఱు. సైన్యము వాడు .303 తూటా పౌరుల చేతఁబడరాదని ఆంగ్లప్రభుత్వము నిషేధించుటచే, లీ-ఎన్‌ఫీల్డు యంత్రమునకే .315 గొట్టము నమర్చి వేటతుపాకులు చేసిరి. 1972 నాఁటి వన్యప్రాణిసంరక్షణ శాసనముతో మనకు వేటయే నేరమైనది. శాకుంతలమున దుష్యంతుఁడు లేడిని తఱుమఁగా తాపసి యడ్డుపడి బాణమును దింపించెను. ఆ తాపసి పనిని నేఁడు మనకు చట్టము చేయుచున్నది.

ఇంత తెలిసియు ఆ పాతతుపాకి యందు మా మనస్సు నిలుచుచునే యున్నది. అందుకు మేము సిగ్గుపడము. మమ్మాకర్షించునది ప్రాణిహింస కాదు, పనితనము. కాని పనితనమున కీ వస్తువే కావలెనా? తాత వాడిన బాడిసకు క్రొత్తపిడి వేయుటలోను, విఱిగిన మంచపుకోడును సరిచేయుటలోను అదే యానందము గలదు. మన పిల్లలకు మన మందీయఁదగినది ఆ పనితనమే.