శాసనం చూడ్డానికెళ్తే... నత్త కనిపించింది!

చైతన్యపురి మెట్రో స్టేషన్లో దిగి, దుకాణాల సందడి దాటి ఫణిగిరి కాలనీ వైపు నడిస్తే మూసీ ఒడ్డున ఓ రాతిగుట్ట వస్తుంది. దానిమీద కొసగుండ్ల నరసింహస్వామి గుడి. అక్కడి బండపై బ్రాహ్మీ లిపిలో ప్రాకృత శాసనం ఉంది. విష్ణుకుండినుల నాటిది. వయసు సుమారు పదిహేను వందల ఏళ్లు. గోవిందరాజ విహారం గురించి చెప్పే ఈ శాసనం హైదరాబాద్‌లో దొరికినవాటిలో అతి పాతదంటారు.

వాన వెలిశాక వెళ్తే, బండతో పాటు కాళ్ల కింద నేలనూ చూడండి. ఇలాంటి రాళ్ల సందుల్లో, తడి ఆకుల కింద నత్తలు తిరుగుతుంటాయి. దక్షిణాది తోటల్లో తరచూ కనిపించే మన నత్త క్రిప్టోజోనా. గుల్ల గుండ్రంగా, కాస్త అణిగి, చిన్న నిమ్మకాయంత ఉంటుంది. మొలస్కా వర్గం, గాస్ట్రోపోడా విభాగం, ఏరియోఫాంటిడే కుటుంబం... ఇదీ దీని చిరునామా. కళ్లు కొమ్ముల చివర ఉంటాయి. ఎండాకాలం వస్తే గుల్ల ముంగిట పల్చటి పొరతో మూత వేసుకుని, మళ్లీ వానలు పడేదాకా నిద్రపోతుంది.

నత్త కనిపించగానే చాలామంది ఉప్పు చల్లేస్తారు. కానీ అన్ని నత్తలూ ఒకటి కాదు. పంటల్ని నాశనం చేసేది ఆఫ్రికా రాక్షస నత్త. గుల్ల పొడవుగా, కొసదేరి, గోధుమరంగు చారలతో ఉంటుంది. 1847లో బెన్సన్ అనే బ్రిటిష్ ఉద్యోగి మారిషస్ నుంచి కలకత్తాకు తెచ్చాడు. ఒకప్పుడు అకటినా ఫులికా అనేవారు, ఇప్పుడు లిస్సకటినా ఫులికా. దీన్ని ఒట్టి చేత్తో ముట్టుకోకండి. రోగం తెచ్చే పురుగులు ఉండొచ్చు.

ఏ నత్త ఏదో చూడకపోతే ఏమవుతుందో పసిఫిక్‌లోని మూరియా దీవి చెబుతుంది. ఈ ఆఫ్రికా నత్తను చంపాలని 1977లో అక్కడికి మరో వేట నత్తను తెచ్చి వదిలారు. అది స్థానిక పార్ట్యులా నత్తల మీద పడింది. పదేళ్లు తిరిగేసరికి అవి ఆ దీవి అడవుల్లో దాదాపు లేకుండా పోయాయి. జూలలో దాచి పెంచిన కొన్నింటిని తిరిగి వదిలాక, 2024లో వాటికి అడవిలో పుట్టిన పార్ట్యులాలు కనిపించాయి.

మన దేశంలో నేలనత్తలు వెయ్యి జాతులకు పైనే. వాటిలో చాలావాటికి ముప్పు ఉందో లేదో ఎవరూ లెక్క తీయలేదు. కాబట్టి ఉప్పు డబ్బా అందుకునే ముందు గుల్ల ఆకారం చూడండి. ఈ వానల్లో పిల్లల్ని ఆ గుట్టకు తీసుకెళ్లండి. శాసనం చదవలేకపోయినా, నత్త కళ్లు ఎక్కడున్నాయో వాళ్లే కనిపెట్టేస్తారు!