ఎప్పుడూ కొనని ధర

అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్‌లో సరుకు విలువ తేడా వస్తే, మన జనం ముందు కూడికల్లో తప్పు వెతుకుతారు. నా మటుకు నాకు కూడికలు తప్పిన కేసు ఇంతవరకూ తగల్లేదు. తప్పేది తేదీల వరుస.

మా బాబాయి ఎలక్ట్రికల్ షాపు సంగతే చూడండి. ఏప్రిల్‌లో ఒక రకం ఫ్యాన్ మీద 350 రూపాయల లాభం చూపించిన రిపోర్టు, మే నెలలో 83 చూపించింది. గోడౌన్‌లో లెక్కపెడితే ఒక్క ఫ్యానూ తగ్గలేదు. దాంతో కౌంటర్‌లో ఎనిమిదేళ్ళుగా పనిచేస్తున్న కుర్రాడు రేటు తగ్గించి ఇచ్చేస్తున్నాడని ఆయనకి అనుమానం. బిల్లులు తీసి చూస్తే అన్నీ 1,350కే ఉన్నాయి. మరి లాభం ఏమైనట్టు?

ఆ ఫ్యాన్ స్టాక్ లెడ్జర్ ఒక్కటే తెరిచాం. మొదట 10 ఫ్యాన్లు, ఒక్కోటి 1,000. ఏప్రిల్ 3న లారీలో ఇంకో 20 దిగాయి, ఒక్కోటి 1,200. సరుకైతే దిగింది గానీ కొనుగోలు బిల్లు ఎక్కించింది 9న, ఆ తేదీతోనే. ఈలోగా 5న 15 అమ్మేశారు. సాఫ్ట్‌వేర్ దృష్టిలో ఉన్నవి పదే కదా.. పదిహేనుకీ వెయ్యి చొప్పునే ఖర్చు రాసి, స్టాకుని మైనస్ 5కి, విలువని మైనస్ 5,000కి దింపింది. తర్వాత 24,000 బిల్లు ఎక్కగానే మిగిలిన 15 ఫ్యాన్ల విలువ 19,000 అయింది. అంటే ఒక్కోటి 1,267! 1,200 దాటి ఎప్పుడూ కొనని ఫ్యాన్ అన్నమాట.

మనవాళ్ళకి ఇది ఇట్టే పట్టుబడాలి. సగటు ఎప్పుడూ కనిష్ఠానికీ గరిష్ఠానికీ మధ్యే ఉండాలి. బయటికి పోయిందంటే పైన ఎక్కడో మైనస్ స్టాక్ ఉండొచ్చు, లేదా పెట్టెల లెక్క పీసుల్లో పడి ఉండొచ్చు, లేదా క్రెడిట్ వచ్చే జీఎస్టీని కూడా ఎవరో కొన్న ధరలో కలిపి ఉండొచ్చు. చూడాల్సిన వరుస కూడా అదే.

కొనుగోలు తేదీని 3కి సరిచేసి మళ్ళీ లెక్క వేయిస్తే సగటు 1,133కి వచ్చింది. రెండు నెలల్లోనూ లాభం ఫ్యాన్‌కి 217. రిటర్నులు దాఖలైపోయిన నెలైతే మాత్రం ఆడిటర్‌ని అడక్కుండా పాత తేదీలు ముట్టుకోకండి.

చాలామంది చేసేదేంటంటే, తేడా మొత్తానికి ఒక జర్నల్ ఎంట్రీ కొట్టి చేతులు దులుపుకోవడం. బ్యాలెన్స్ షీట్ కలుస్తుంది, నిజమే. కానీ ఏ నెల లాభం ఎంతో తెలీదు, ఆ కుర్రాడి మీద అనుమానమూ పోదు.

ఇక మన వైపు మాట. మైనస్ స్టాక్‌కి అమ్మనివ్వక తప్పదు, ఎదురుగా కస్టమర్ నిలబడి ఉంటే బిల్లు ఆపమని ఏ వ్యాపారికి చెప్తాం? ఒప్పుకున్నాక అయినా, కొన్న ధరల హద్దు దాటిన సగటుని ఎర్ర అక్షరాల్లో చూపించడానికి పట్టేది నాలుగు లైన్ల కోడ్. ఆ నాలుగు లైన్లూ రాయకుండా రంగురంగుల గ్రాఫులు పెడితే ఎవరికి ఉపయోగం చెప్పండి?