రూపాయి డాక్టరు

సెప్టెంబరు 2 వస్తే మా కల్లూరులో మాజీ ముఖ్యమంత్రి వైఎస్సార్ మాట రాకుండా ఉండదు. 2009లో పావురాలగుట్ట దగ్గర హెలికాప్టర్ కూలినాక, ఆయన భౌతికకాయాన్ని తెచ్చింది మా పక్కనే ఉన్న కర్నూలు పెద్దాసుపత్రికే.

రాజకీయాలు పక్కన పెడదాం. నాకు గుర్తొచ్చేది పులివెందుల డాక్టరు. 1973లో తండ్రి రాజారెడ్డి గారి పేరుతో ఆసుపత్రి కట్టి, రూపాయికే వైద్యం చేసినారు. కరువు సీమలో అప్పు చేయకుండా మందు దొరకడమంటే ఏమిటో ఇక్కడోళ్లకు చెప్పాల్సిన పనిలేదు.

మనుషులంటే అంత ఇష్టం ఆయనకు. 2003 వేసవిలో చేవెళ్ల నుంచి ఇచ్ఛాపురం దాకా నడిచినప్పుడు, తెల్ల పంచెతో, చెయ్యి పైకెత్తి, ఎదురొచ్చిన ఆడోళ్లను అక్కయ్యా, చెల్లెమ్మా అని వరస పెట్టి పలకరించేవారు. గుల్బర్గాలో మెడిసిన్ చదివేటప్పుడు కలిసిన కేవీపీతో స్నేహం చివరిదాకా నిలిచింది. కుర్చీ ఎక్కినాక పాత దోస్తులను ఎందరు దగ్గర పెట్టుకుంటారు చెప్పండి!

భర్త గురించి విజయమ్మ గారు ‘నాలో... నాతో... వైఎస్సార్’ అని 2020లో పుస్తకమే తెచ్చినారు. ఊరందరికీ పంచిన మనిషితో కాపురం ఎట్లుంటుందో ఆమెకన్నా బాగా ఎవరు చెప్పగలరు? నా దగ్గర ఉంది, కల్లూరు వాళ్లెవరైనా చదువుతామంటే ఇస్తాను.